లెక్క పోయింది, గుంపు మిగిలింది



ఇంగ్లీషు పేపరు చదివే అలవాటున్నవాళ్లకి ఒక మాట తరచుగా కనబడుతూ ఉంటుంది. డెసిమేట్. తుఫాను వచ్చి తోటల్ని డెసిమేట్ చేసిందని రాస్తారు. తెగులు వచ్చి కోళ్లని డెసిమేట్ చేసిందని రాస్తారు. ఆటగాళ్లకి వరసగా దెబ్బలు తగిలి ఫలానా జట్టు డెసిమేట్ అయిందని రాస్తారు. పోటీ పరీక్షలకి చదివే మన పిల్లలు ఈ మాటని నోటుపుస్తకంలో ఎక్కించుకుంటారు. పక్కన 'నాశనం చేయు' అని రాసుకుంటారు. బట్టీ పడతారు. అక్కడితో సరి.

దాంతో సరిపోదండీ. ఆ ఒక్క ముక్క పట్టుకుని రాస్తే, 'గాలివాన మా గొడుగుని డెసిమేట్ చేసింది' అని రాసే ప్రమాదం ఉంది. వ్యాకరణం చూస్తే ఏ లోపమూ లేదు. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. అయినా ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు చదివి నవ్వుతారు. ఎందుకు నవ్వుతారు? గొడుగు ఒకటే కాబట్టి. ఈ క్రియకి గుంపు కావాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. డెసిమేట్‌కి గుంపు కావాలి.

గుంపు ఎందుకు కావాలో తెలియాలంటే ఈ మాట పుట్టినచోటికి వెళ్లాలి. పుట్టింది రోమన్ల సైన్యంలో.

లాటిన్ భాషలో పదిని డెకెమ్ అంటారు. మన సంస్కృతంలో దశ. రెండూ ఒకే ఇంటి పిల్లలు. సంస్కృతం, లాటిన్ ఒకే భాషా కుటుంబానికి చెందినవి కదా. డెసిమల్ అన్న మాట ఆ పదిలోంచే వచ్చింది. డిసెంబరు కూడా అంతే. రోమన్ల పాత కేలండర్లో సంవత్సరం మార్చితో మొదలయ్యేది. అందుకని డిసెంబరు వాళ్లకి పదో నెల. ఇక పదోవంతు తీయడాన్ని వాళ్లు డెకిమారే అన్నారు. మన డెసిమేట్ ఇదే.

పదోవంతు తీయడమంటే ఏం తీయడం? ధాన్యం కావచ్చు, డబ్బు కావచ్చు. మన దగ్గర చర్చికి వెళ్లే కుటుంబాల్లో దశమభాగం అన్న మాట అందరికీ తెలుసు. వచ్చిన రాబడిలో పదోవంతు దేవుడికి ఇస్తారు. లాటిన్ క్రియకి ఆ అర్థం కూడా ఉంది. కానీ సైన్యంలో అదే క్రియకి అర్థం వేరు. అక్కడ తీసేది మనుషుల్ని.

పొలీబియస్ అని ఒక గ్రీకు చరిత్రకారుడు ఉండేవాడు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటివాడు. రోమన్లు అతన్ని తమ ఊరికి బందీగా పట్టుకుపోయారు. అక్కడ పెద్దపెద్ద ఇళ్లవాళ్లతో స్నేహం కుదిరింది. రోమన్ సైన్యం ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూశాడు. గుడారం ఎక్కడ వేస్తారు, కాపలా ఎలా కాస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు, అన్నీ ఓపిగ్గా రాసిపెట్టాడు. ఈ శిక్ష గురించి ఆయన రాసింది నా మాటల్లో చెబుతాను.

యుద్ధంలో ఒక దళం తనకి అప్పజెప్పిన చోటు వదిలేసి పారిపోయిందనుకోండి. పారిపోయింది ఒక్కడైతే చిక్కు లేదు. వాడికి మరణశిక్ష వేస్తారు. వందలమంది పారిపోతే ఏం చేయాలి? అందరినీ చంపితే రేపు యుద్ధానికి మనుషులుండరు. అందరినీ వదిలేస్తే రేపు ఇంకో దళం పారిపోతుంది. ఈ చిక్కు విప్పడానికి రోమన్లు వేసిన లెక్కే పదోవంతు.

దండు మొత్తాన్నీ వరసలో నిలబెడతారు. ట్రిబ్యూన్ అనే అధికారి పారిపోయినవాళ్లని ముందుకి రప్పిస్తాడు. అందరి ఎదుటా చీవాట్లు పెడతాడు. తర్వాత చీటీలు తీస్తారు. ఒకసారి ఐదుగురి పేర్లు వస్తాయి, ఒకసారి ఎనిమిదిమందివి, ఒకసారి ఇరవైమందివి. పారిపోయినవాళ్లు ఎంతమంది ఉంటే అందులో ఇంచుమించు పదోవంతు వచ్చేలా చూస్తారు. చీటీ వచ్చినవాళ్లని దుడ్డుకర్రలతో కొట్టి చంపుతారు. దీనికి వేరే తలారి ఉండడు. ట్రిబ్యూన్ ఒక కర్ర తీసుకుని ఆ మనిషిని ఊరికే అలా తాకుతాడు. అదే సైగ. శిబిరంలో ఉన్నవాళ్లంతా కర్రలతో, రాళ్లతో మీదపడతారు. నిన్నటిదాకా ఒకే గిన్నెలో తిన్నవాళ్లే.

మరి చీటీ తప్పినవాళ్లు? వాళ్లకీ శిక్ష ఉంది. గోధుమలు ఆపేసి బార్లీ కొలిచి ఇస్తారు. రోమన్ సైన్యంలో బార్లీ గుర్రాలకి వేసే దాణా. రెండోది, వాళ్ల గుడారాలు శిబిరం కట్టకి బయట వేసుకోవాలి. శిబిరం చుట్టూ కట్ట, కందకం ఉంటాయి. లోపలివాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. బయట ఉన్నవాళ్లు రాత్రిపూట శత్రువు వస్తే ముందు చిక్కుతారు. తిండిలో అవమానం, నిద్రలో భయం. చచ్చినవాడి సంగతి ఒక్కపూటలో తేలిపోయింది. బతికినవాడు రోజూ బార్లీ దంచుకుంటూ అది తలుచుకోవాలి. నన్నడిగితే ఈ శిక్షలో అసలు కొస అక్కడుంది.

ఇంకో సంగతి గమనించండి. చీటీకి ధైర్యవంతుడెవడో, పిరికివాడెవడో తెలియదు. అందరికంటే ముందు పరుగెత్తినవాడికి రాకపోవచ్చు. చివరిదాకా నిలబడి, ఇక చేసేది లేక వెనక్కి తిరిగినవాడికి రావచ్చు. అందుకే భయం అందరికీ సమానంగా పట్టుకుంటుందని పొలీబియస్ అంటాడు. న్యాయం మాట అటుంచి, రోమన్లకి కావలసింది ఆ భయమే.

ఇది రోజూ జరిగేదనుకోకండి. రోమన్ల చరిత్రలోనే అరుదు. లివీ అనే చరిత్రకారుడి లెక్క ప్రకారం క్రీస్తుపూర్వం 471లో అప్పియస్ క్లాడియస్ అనే సేనాపతి తన సొంత సైన్యం మీద దీన్ని ప్రయోగించాడు. తర్వాత చాలాకాలం దీని ఊసు పెద్దగా లేదు. మళ్లీ దీన్ని తవ్వి తీసినవాడు క్రాసస్. స్పార్టకస్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సినిమా కూడా వచ్చింది. బానిసల్ని కూడగట్టి రోమ్ మీద తిరగబడినవాడు. అతన్ని అణచడానికి వెళ్లిన సేనాపతి క్రాసస్. ఇది క్రీస్తుపూర్వం 71 ప్రాంతం. క్రాసస్ కింద పనిచేసే ముమ్మియస్ అనే అధికారికి ఒకటే ఆజ్ఞ ఇచ్చారు. స్పార్టకస్ వెనకాలే వెళ్లు, యుద్ధానికి మాత్రం దిగకు. ఆయన ఆగలేక దిగాడు. ఓడాడు. సైనికులు చేతుల్లో ఆయుధాలు పారేసి పరుగు లంకించుకున్నారు. క్రాసస్ వాళ్లకి మళ్లీ ఆయుధాలిచ్చాడు, ఇవి మళ్లీ పారేయబోమని హామీ కూడా పుచ్చుకున్నాడు. అందరికంటే ముందు పారిపోయిన 500 మందిని వేరు చేసి, పదేసిమంది చొప్పున 50 జట్లు చేశాడు. ఒక్కో జట్టు నుంచి చీటీ మీద ఒకరిని తీయించి చంపించాడు. ఈ లెక్క ప్లూటార్క్ అనే రచయిత చెప్పింది. అంటే 50 మంది పోయారు, 450 మంది మిగిలారు.

ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. 50 పోయారు, 450 మిగిలారు. ఎక్కువమంది బతికారు. ఇప్పుడు ఇంగ్లీషు పేపర్లో డెసిమేట్ అని చదివితే మనకేమనిపిస్తుంది? ఎక్కువమంది పోయారనే కదా. లెక్క తలకిందులైంది. ఎలా తలకిందులైందో చెబుతాను.

ఈ క్రియ ఇంగ్లీషులోకి 1600 ప్రాంతంలో దిగింది. లాటిన్ చదువుకున్న దొరలు తెచ్చుకున్న మాట. మొదట్లో రోమన్ల శిక్ష గురించి చెప్పేటప్పుడే వాడేవాళ్లు. తర్వాత ఒక విచిత్రం జరిగింది. ఇంగ్లండులో రాజు తల నరికించి క్రామ్‌వెల్ ఏలుతున్న రోజులవి. 1655లో రాజు తరఫువాళ్లు కొందరు తిరగబడ్డారు. దాన్ని అణచేశారు. దేశాన్ని ముక్కలుగా విభజించి మేజర్ జనరల్స్‌కి అప్పగించారు. వాళ్ల కింద కొత్తగా గుర్రపు దళాలు పెట్టారు. వాటికి జీతాలెలా ఇవ్వాలి? రాజపక్షం భూస్వాముల మీద పదిశాతం పన్ను వేశారు. దాని పేరేమిటో తెలుసా? డెసిమేషన్ టాక్స్. తిరుగుబాటులో నువ్వున్నావా లేవా అని విడివిడిగా తేల్చకుండా, ఆ పక్షంవాళ్లన్న కారణానికే పన్ను వేశారు. రోమన్ చీటీ పోలికలు ఇక్కడా కనబడతాయి. తప్పు ఎవరిదో తేల్చకుండా గుంపు మీద వేటు. 1657 మొదట్లో పార్లమెంటు దాన్ని కొనసాగించడానికి ఒప్పుకోలేదు. పన్ను పోయింది, మాట ఉండిపోయింది.

అదే శతాబ్దంలో ఇంకో అర్థం మెల్లగా పాకింది. మహమ్మారి వచ్చి ఊరు సగమైతే డెసిమేట్ అన్నారు. యుద్ధంలో దళం నుగ్గునుగ్గయితే డెసిమేట్ అన్నారు. పదోవంతు లెక్క ఎవరూ అడగలేదు. యుద్ధభూమిలో తలకాయలు లెక్కపెట్టి, సరిగ్గా పదికొకటా కాదా అని తేల్చేదెవరు?

ఈ కొత్త అర్థం ఎంత సహజమైపోయిందంటే, జేన్ ఐర్ నవల రాసిన షార్లెట్ బ్రాంటీ కూడా ఇలాగే వాడింది. 1848లో రాసిన ఒక ఉత్తరంలో తన చిన్ననాటి బడి సంగతి చెబుతూ, విషజ్వరం ఆ బడిని మళ్లీమళ్లీ డెసిమేట్ చేసేదని రాసింది. ఆమె అక్కలిద్దరు ఆ బడిలోనే జబ్బుపడి, 1825లో ఇంటికొచ్చి చనిపోయారు. వాళ్లని తీసుకుపోయింది క్షయ. ఆ నవలలో అనాథపిల్లల బడి గురించి చదివినవాళ్లకి ఆ చలి, ఆ ఆకలి గుర్తుంటాయి. అలాంటి ఉత్తరం చదివి, 'అమ్మా, సరిగ్గా పదోవంతు పిల్లలే పోయారా?' అని ఎవరు అడుగుతారు?

అడిగినవాళ్లున్నారు లెండి. ఆ ఉత్తరాన్ని అడగలేదు గానీ, ఈ వాడుకని నిలదీశారు. అమెరికాలో రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే విమర్శకుడు ఉండేవాడు. అక్కడి అంతర్యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. యుద్ధవార్తలు రాసిన విలేకరులు దళాలు ఘోరంగా డెసిమేట్ అయ్యాయని రాయడం చూసి ఆయనకి ఒళ్లు మండింది. 1870లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని తప్పుల చిట్టాలో వేశాడు. ఆయన వాదన సూటిగానే ఉంది. పదిమందిలో ఒకడు పోవడం ఘోరమైన ఓటమేం కాదు, అలాంటప్పుడు ఘోరంగా డెసిమేట్ కావడమేమిటి అని. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ గొడవ తెగలేదు. ఇప్పటికీ ఎవరైనా ఈ మాట వాడితే, 'దీని అసలు అర్థం పదోవంతు, తెలుసా?' అని వేలెత్తేవాళ్లు ఒకరు తయారుగా ఉంటారు.

నేను వాళ్ల పక్షం కాదు. కారణం చెబుతాను.

మన తెలుగులోనే ఒక పాత సైన్యపు క్రియ తీసుకుందాం. దండెత్తడం. దండు అంటే సైన్యం. దండు ఎత్తడం అంటే సైన్యాన్ని కదిలించి ఇంకొకడి రాజ్యం మీదికి నడపడం. ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, భేరీలు. ఇవన్నీ ఉంటేనే దండెత్తడం. మరి ఇప్పుడు మన ఇళ్లలో ఏమంటాం? 'సాయంత్రమైతే చాలు, దోమలు దండెత్తుతాయి' అంటాం. 'సెలవులిచ్చారో లేదో, పిల్లలంతా అమ్మమ్మగారింటి మీద దండెత్తారు' అంటాం. దోమలకి సేనాపతి ఎవరని ఎవరూ అడగరు. పిల్లలకి గుర్రాలేవని అడగరు. సైన్యం పోయింది. కానీ అన్నీ పోలేదు చూడండి. ఒక్క దోమ వస్తే దండెత్తింది అంటామా? అనం. మెల్లగా, ఒద్దికగా వచ్చే చుట్టాన్ని దండెత్తాడంటామా? అనం. గుంపు ఉండాలి. ఊపు ఉండాలి. మీదపడటం ఉండాలి. పాత అర్థంలోంచి ఆ మూడూ మిగిలాయి.

డెసిమేట్ సంగతి కూడా ఇంతే. పది లెక్క పోయింది. గుంపు మిగిలింది. గుంపు మీద పడ్డ వేటు మిగిలింది. వేటు తర్వాత బతికి బయటపడ్డ కొందరు మిగిలారు. మళ్లీ చెబుతాను. లెక్క పోయింది, గుంపు మిగిలింది.

లెక్క పోవడంలో వింతేమీ లేదు. క్వారంటీన్ అన్న మాటకి మూలం నలభై. ఒకప్పుడు ఓడల్లో వచ్చినవాళ్లని నలభైరోజులు విడిగా ఉంచేవాళ్లు. 2020లో మనం పద్నాలుగు రోజులుండి క్వారంటీన్ అయిపోయిందన్నాం. ఇంకా ఇరవయ్యారు రోజులు బాకీ ఉన్నావని ఎవరూ అనలేదు కదా.

సరే, ఇప్పుడు అసలు పనికొద్దాం. ఈ మాట మనం వాడాలంటే ఎలా వాడాలి? ఒక కోళ్లగూడు చూద్దాం.

మీ పెరట్లో ఇరవై కోళ్లున్నాయి. కొక్కెర తెగులు తగిలింది. వారంలో పదిహేను పోయాయి. ఐదు మిగిలాయి. ఇక్కడ డెసిమేట్ చక్కగా అతుకుతుంది. కోళ్లు ఒక గుంపు. వేటు బయటినుంచి వచ్చింది. ఏ కోడి మంచిదో, ఏ కోడి గుడ్లు పెడుతుందో అది చూడలేదు. ఎక్కువ పోయాయి, కొన్ని మిగిలాయి. 'ద డిసీజ్ డెసిమేటెడ్ అవర్ హెన్స్' అని నిశ్చింతగా రాయొచ్చు.

అదే పెరట్లో ఒకే ఒక్క కోడి ఉందనుకోండి. పిల్లి ఎత్తుకుపోయింది. ఇక్కడ ఈ మాట పనికిరాదు. ఒక్కదానిలోంచి పదోవంతు తీయలేం, సగం తీయలేం. చచ్చిపోయింది, పోయింది, అంతే. గొడుగు కథా ఇదే. ఇల్లు కాలిపోతే డెసిమేట్ అనకూడదు. వీధిలో ఇళ్లు చాలావరకు కాలిపోతే అనొచ్చు. మీ స్నేహితుడి ఆశలు ఆవిరైతే అనకూడదు. ఒక మనిషి ఆరోగ్యం పాడైతే అనకూడదు. రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, నిజమే. పెద్దపెద్ద పేపర్లలోనూ కనబడుతుంది. అయినా చెవికి ముల్లులా తగులుతుంది.

మళ్లీ ఇరవై కోళ్ల దగ్గరికి రండి. ఈసారి ఇరవైకి ఇరవై పోయాయి. గూడు ఖాళీ. ఇక్కడ కూడా డెసిమేట్ వద్దు. రోమన్ శిక్షలో బార్లీ తింటూ బతికినవాళ్లున్నారు కదా. ఆ బతికినవాళ్లు ఈ మాటలో ఇంకా ఉన్నారు. అందరూ పోతే ఇంగ్లీషులో వైప్ అవుట్ ఉంది, వాడుకోండి. 'కంప్లీట్లీ డెసిమేటెడ్' అని కొందరు రాస్తారు. పూర్తిగా, కొంత మిగిలేలా అని ఒకేసారి చెప్పినట్టుంటుంది.

ఇంకొకటి, ఇది చాలామంది చేసే పొరపాటు. పక్కన అంకె వేయకండి. పదిహేను కోళ్లు పోయాయి కదా అని, 'డెసిమేటెడ్ బై 75 పర్సెంట్' అని రాశారనుకోండి. మాటలోపల పది పడుకుని ఉంది. పక్కన 75 పెట్టి దాన్ని తట్టి లేపినట్టవుతుంది. రెండంకెలూ కొట్టుకుంటాయి. ఫౌలర్ అనే ఇంగ్లీషు భాషావేత్త 1926లో ఇంగ్లీషు వాడుక మీద పెద్ద నిఘంటువు తెచ్చాడు. ఆయన చాదస్తుడు కాడు. ఎక్కువ భాగం నశించిందనే అర్థంలో ఈ మాట వాడితే అది సహజమైన పెరుగుదలేనని ఒప్పుకున్నాడు. కానీ పక్కన శాతం అంకె తగిలించడం మాత్రం కుదరదన్నాడు. ఆ తీర్పు వచ్చి దాదాపు వందేళ్లయింది. ఇంతకంటే మంచి తీర్పు నాకు కనబడలేదు. అంకె చెప్పాలంటే మామూలు మాటల్లో చెప్పండి. ఇరవైలో పదిహేను చచ్చిపోయాయని రాస్తే చదివేవాడికి తెలుస్తుంది.

అనువాదం చేసేవాళ్లకి దీంతో ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు వార్తని తెలుగులో పెట్టేటప్పుడు డెసిమేట్ రాగానే చెయ్యి 'తుడిచిపెట్టుకుపోయింది' అని రాసేస్తుంది. తుడిచిపెట్టుకుపోతే ఏమీ మిగలదు. ఉదాహరణకి రాబందుల కథ తీసుకోండి. ఒకప్పుడు మన ఊళ్ల శివార్లలో గొడ్డు చచ్చిందంటే రాబందులు దిగేవి. తొంభైల నుంచి అవి కనబడటం తగ్గిపోయింది. పశువులకి నొప్పులు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు దానికి కారణమని తేలింది. ఆ మందు పడ్డ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడైపోతాయి. మూడు జాతుల రాబందులు 97 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఆ మందు పశువులకి వాడకూడదని మన దేశంలో 2006లో నిషేధం పెట్టారు. ఇంగ్లీషులో ఈ పక్షుల గురించి రాసేవాళ్లకి డెసిమేట్ ఊతపదం లాంటిది. దాన్ని మనం 'తుడిచిపెట్టుకుపోయాయి' అని రాస్తే అబద్ధం. కొన్ని మిగిలాయి. ఆ మిగిలినవాటిని కాపాడడానికే ఇంత శ్రమ. 'రాబందుల్లో చాలావరకు నశించాయి' అంటే సరిపోతుంది. పంట గురించైతే 'చాలామటుకు దెబ్బతింది' అనండి. 2021, 22ల్లో మన గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరపతోటల్ని నల్ల తామర పురుగు పట్టింది గుర్తుందా? పూతంతా రాలిపోయి, కొందరు రైతులు తోటలే పీకేశారు. అయినా అన్ని తోటలూ పోలేదు. అలాంటిచోట డెసిమేట్ ఒప్పుతుంది. తెలుగులో రాసేటప్పుడు ఎంత పోయిందో, ఎంత మిగిలిందో చెబితే ఇంకా ఒప్పుతుంది.

ఒకచోట మాత్రం పాత లెక్క ఇంకా బతికే ఉంది. చరిత్ర పుస్తకాలు. రోమన్ సైన్యం గురించి చదువుతూ, ఫలానా సేనాపతి తన దళాన్ని డెసిమేట్ చేశాడని కనబడితే, సగం సైన్యాన్ని చంపేశాడనుకోకండి. అక్కడ పది అంటే పదే. మార్క్ ఆంటోనీ క్రీస్తుపూర్వం 36లో తూర్పు దండయాత్రలో ఇలాగే చేసి, మిగిలినవాళ్లకి బార్లీ పెట్టించాడని ప్లూటార్క్ రాశాడు. ఇది అంత పాతబడ్డ సంగతి కూడా కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ సైన్యాధిపతి కదోర్నా క్రమశిక్షణ పేరుతో దీన్ని మళ్లీ బయటికి తీశాడు. 1917 జూలైలో కతంజారో బ్రిగేడ్‌లో సైనికులు తిరగబడితే కొందరిని నేరం మోపి, ఇంకొందరిని చీటీలు తీసి కాల్చేశారు. రెండువేల ఏళ్ల తర్వాత కూడా చీటీ మారలేదు. దుడ్డుకర్ర స్థానంలో తుపాకీ వచ్చింది. ఈ యుద్ధం మీద రాసిన పుస్తకాల్లో డెసిమేషన్ అని ఉంటే అది అక్షరాలా ఈ శిక్షే కావచ్చు.

పలకడం గురించి ఒక్క మాట. డె మీద ఊనిక వేయండి. డెసిమేట్. డిసైమేట్ అనకండి.

చదువుకునే పిల్లలకి, వాళ్లకి చెప్పే మాస్టర్లకి, టీచరమ్మలకి నా మనవి ఒకటుంది. నోటుపుస్తకంలో ఈ మాట పక్కన 'నాశనం చేయు' అని ఉంటే కొట్టేయండి. 'గుంపులో చాలాభాగాన్ని చంపు, లేక పాడుచేయు' అని రాసుకోండి. దాని కింద కోళ్లమీదో, తోటలమీదో మీ సొంత వాక్యం ఒకటి రాయండి. రేపు ఇంగ్లీషు పేపర్లో ఈ మాట కనబడినప్పుడు మూడు సంగతులు చూడండి. వేటు పడింది గుంపు మీదేనా? కొందరైనా మిగిలారా? పక్కన శాతం అంకె లేదు కదా? మూడూ కుదిరితే రాసినవాళ్లకి ఆ మాట తెలుసు. కుదరకపోతే, ఎంత పెద్ద పేపరైనా సరే, ఆ వాక్యాన్ని మీరు అనుసరించకండి.